ఛాతీ ఎక్స్‌రేకు ఏఐ: 0.62 అని వస్తే దాన్ని ఏం చేసుకోవాలె?

నక్కలగుట్ట_డీఆర్:

హన్మకొండలో మాది చిన్న డయాగ్నస్టిక్ సెంటర్. ఒకటే డీఆర్ (డిజిటల్ ఎక్స్‌రే) మెషీన్, రోజుకు 60-70 ఛాతీ ఎక్స్‌రేలు అయితయ్. రేడియాలజిస్టు సార్ సాయంత్రం ఇంటి నుంచి చూసి రిపోర్టులు పంపుతరు. నర్సంపేట, పరకాల, ములుగు దిక్కు నుంచి వచ్చేటోళ్లు అప్పటిదాక ఆగలేరు, ఫిల్ము పట్టుకొని బస్సెక్కుతరు. అందుకని ఏఐ సాఫ్ట్‌వేర్ పెడదామని చూస్తున్నం. డెమోల నిమిషం లోపట్నే ఊపిరితిత్తి పైభాగంల ఎర్రటి మరక చూపెట్టి, పక్కన టీబీ 0.62 అని ఇచ్చింది. 95 శాతం కరెక్టుగ చెప్తదట.

అడిగేది ఇది. 0.62 అంటే టీబీ ఉండే అవకాశం 62 శాతమనా? ఎంత దాటితే పాజిటివ్ అనుకోవాలె? భూపాలపల్లి, గోదావరిఖని బొగ్గుగనుల వాళ్లు, కరీంనగర్ గ్రానైట్ క్వారీల వాళ్లు గూడ మా దగ్గరికి వస్తరు. వాళ్ల ఫిల్ములు ఇది సరిగ చదువుతదా? ఊర్ల నుంచి ఆర్‌ఎంపీలు ఫోన్ల ఫొటో తీసి పంపేవి ఇందుల వెయ్యొచ్చా? ఇంకోటి, సార్ చూడకముందే ఏఐ రిపోర్టు పేషెంటు చేతికి ఇయ్యొచ్చా?

ఎగువ_జోను:

మొదటి ప్రశ్నకు జవాబు: కాదు. 0.62 ఆ సాఫ్ట్‌వేర్ తన లోపలి లెక్కలో వేసుకున్న మార్కు, అంతే. ఒక కంపెనీ 0.62కూ ఇంకో కంపెనీ 0.62కూ పోలిక లేదు. ఒకే కంపెనీ పాత వెర్షన్‌కూ కొత్త వెర్షన్‌కూ కూడా లేదు. పరీక్షలో 62 మార్కులు వచ్చాయంటే పేపరు ఎంత కష్టమో, పాస్ మార్కు ఎంతో తెలియకుండా ఏం చెప్పగలం? ఇదీ అట్లాగే.

పాస్ మార్కు ఎక్కడ పెట్టాలో మీ దగ్గరికి వచ్చే జనాన్ని బట్టి మీరే తేల్చుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్చిలో, 15 ఏళ్లు, అంతకు పైబడిన వాళ్ల ఛాతీ ఎక్స్‌రేలను టీబీ స్క్రీనింగుకూ ట్రయేజ్‌కూ మనిషికి బదులు సాఫ్ట్‌వేర్‌తో చదివించవచ్చని సిఫారసు చేసింది. అంటే ఎవరికి కఫం పరీక్ష చేయాలో ఏరడం వరకే. జబ్బు ఉందని తేల్చేది ట్రూనాట్, సీబీనాట్ లాంటి, కఫంలో టీబీ క్రిమి డీఎన్‌ఏను వెతికే పరీక్ష. 15 ఏళ్ల లోపు పిల్లలకు ఆ సిఫారసు వర్తించదు, కాబట్టి పిల్లల ఫిల్ములను టీబీ స్కోరు నుంచి తప్పించే సెట్టింగ్ ఉందో లేదో ముందే అడగండి.

ట్రయేజ్ పరీక్షకు ఆ సంస్థే పెట్టుకున్న కనీస కొలత: టీబీ ఉన్న 100 మందిలో 90 మందిని పట్టాలి, లేని 100 మందిలో 70 మందిని లేదని వదలాలి. ఈ కొలతకు సరిగ్గా తూగే సాఫ్ట్‌వేర్‌ను ఒక ఊరి శిబిరంలో 1000 మందికి వాడారనుకోండి. వాళ్లలో 10 మందికి జబ్బు ఉంది. 9 మందిని పడుతుంది, ఒకరిని వదిలేస్తుంది. జబ్బు లేని 990 మందిలో 297 మందికి ఎర్ర మరక పెడుతుంది. మొత్తం 306 మంది పాజిటివ్, నిజమైన వాళ్లు 9 మంది, అంటే నూటికి ముగ్గురు. అదే సాఫ్ట్‌వేర్‌ను రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం ఉన్నవాళ్లే వచ్చే ఛాతీ డాక్టరు ఓపీలో పెట్టండి. 1000 మందిలో 200 మందికి జబ్బు ఉంటే 180 మందిని పడుతుంది, తప్పు మరకలు 240. ఇప్పుడు పాజిటివ్ అన్న నూరుగురిలో 43 మందికి నిజంగానే జబ్బు ఉంది. సాఫ్ట్‌వేర్ అదే, పాస్ మార్కు గీత అదే, ఎదుట ఉన్న జనం మారారు.

అందుకే 95 శాతం అన్న మాట వినగానే మూడు అడగండి. ఎవరి ఫిల్ముల మీద? జబ్బు ఉందని దేంతో తేల్చారు, కఫం కల్చర్‌తోనా (క్రిమిని పెంచి చూసే పరీక్ష), ఇంకో డాక్టరు అభిప్రాయంతోనా? ఆ ఫిల్ముల్లో జబ్బున్నవి ఎన్ని? 100 ఫిల్ముల్లో 5 మాత్రమే చెడ్డవైతే, అన్నిటికీ నార్మల్ అని రాసే రబ్బరు స్టాంపు కూడా 95 శాతం కరెక్టే.

లెడ్‌మార్కర్:

సార్ లెక్క మంచిగ చెప్పిండు. నేను గదిల సంగతి చెప్త. ఏఐకి ఫిల్ము తప్ప ఇంకేం కనవడది. ఫిల్ము మంచిగ తియ్యకపోతే ఎంత ఖరీదు సాఫ్ట్‌వేర్ పెట్టినా దండుగ.

అన్నిటికన్న ముందు జడ. నూనె రాసి బిర్రుగ అల్లిన జడ భుజం మీదికెళ్లి పడితే ఊపిరితిత్తి పైకొసల తాళ్లు తాళ్లుగ తెల్లటి నీడ వస్తది. టీబీ మచ్చ వచ్చేదీ గక్కడనే. మనిషి జర కన్ను పెట్టి చూస్తే ఆ నీడ మెడ దాక పోతున్నదని తెల్సుకుంటడు, సాఫ్ట్‌వేర్ మాత్రం మరక పెట్టి ఊకుంటది. జడను నెత్తి మీద ముడి ఏపించాలె, రబ్బరు బ్యాండు గూడ మెడ మీద ఉండొద్దు. పుస్తెలతాడు తియ్యమంటే చానామంది ఒప్పుకోరు, బలవంతం వద్దు. తాడును గదవ పైదాక జరిపితే సాలు. నల్లపూసలు, తాయెత్తు, జాకెట్ హుక్కులు, సేఫ్టీ పిన్నులు తీసేపించి గౌను ఇయ్యాలె. చిన్న గుండ్రటి నీడ రొమ్ము మొన దగ్గర కనవడితే మొనల మీద మార్కర్లు అంటిచ్చి ఇంకో ఫిల్ము తియ్యున్రి. అది గడ్డా, మొన నీడా అన్నది తేలిపోతది.

రెండోది, ఊపిరి. నిండ పీల్చి బిగపట్టినంక తీస్తే డయాఫ్రం పైన వెనక పక్కటెముకలు 9 నుంచి 10 కనవడాలె. 7 కనవడ్డయంటే ఆ మనిషి ఊపిరి వదిలిండని లెక్క. గసొంటి ఫిల్ముల కింది భాగం కుంచుకపోయి తెల్లగైతది, గుండె పెద్దగ కనవడ్తది. ఏఐ అది సూసి న్యుమోనియా అంటది, గుండె పెరిగిందంటది. మనిషి పక్కకు తిరిగి నిలవడ్డదా లేదా చూసేటందుకు రెండు మెడ ఎముకల లోపలి కొసలు వెన్నుముల్లుకు సమాన దూరంల ఉన్నయా చూడున్రి. భుజాలు ముందరికి తిప్పకపోతే రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద పడ్తయ్.

పీఏ ఫిల్ముకు (కిరణం వీపు నుంచి ముందరికి పోయేది) దూరం 180 సెంటీమీటర్లు, గ్రిడ్ (చెదిరిన కిరణాలను ఆపే జాలి) ఉంటే 110 నుంచి 125 కేవీపీ (ట్యూబు వోల్టేజి). మంచం మీద ఏపీల, అంటే ముందర నుంచి వీపుకు తీస్తే గుండె నీడ పెద్దగయితది. ఛాతీ వెడల్పుల సగం దాటితే గుండె పెరిగిందనే లెక్క పీఏ ఫిల్ముకే. మెషీన్ల పీఏ బటనే ఉంచి ఏపీ తీస్తరు సూడున్రి, సాఫ్ట్‌వేర్ అదే నమ్మి తప్పు రిపోర్టు ఇస్తది. తీసేటోడు ఎవరో కాదు, మనమే.

ఇంకొక్క ముచ్చట. రైట్, లెఫ్ట్ సీసం మార్కరు ఎప్పుడు ఒక్క తీరుగ, ఒక్క జాగలనే పెట్టున్రి. ఎందుకన్నది వేరే ఎవరన్న చెప్పున్రి.

ట్యాగ్_0028:

మార్కరు సంగతి నేను చెప్తాను. 2018లో అమెరికాలో మూడు ఆసుపత్రి వ్యవస్థల ఎక్స్‌రేలతో న్యుమోనియా మోడల్‌ను పరీక్షించిన అధ్యయనం ఒకటి ప్రచురించారు. నేర్పిన చోటి ఫిల్ముల మీద బాగా చేసినది బయటి ఫిల్ముల మీద చాలాసార్లు తడబడింది. ఎందుకా అని చూస్తే, ఫిల్ము ఏ ఆసుపత్రిదో ఆ నెట్‌వర్క్ దాదాపు తప్పు లేకుండా చెప్పగలుగుతోంది. ఫిల్ము మూలన టెక్నీషియన్ పెట్టే సీసం మార్కరు కూడా దానికి ఆనవాలే. ఒక ఆసుపత్రిలో న్యుమోనియా రోగులు ఎక్కువైతే, ఊపిరితిత్తి చూడకుండానే అక్కడి ఫిల్ముకు ఎక్కువ మార్కు వేయొచ్చు. ఎర్ర మరక ఊపిరితిత్తి బయట, మూలల్లో, భుజం మీద పడుతోందంటే ఇట్లాంటిదేదో ఉందని అనుమానించాలి.

ఫోన్ ఫొటోల గురించి: వేయొద్దు. డీఆర్ ఫిల్ములో 12 బిట్లు ఉంటే 4096 బూడిదరంగు మెట్లు ఉంటాయి. జేపెగ్ ఫొటోకు వచ్చేసరికి 8 బిట్లు, 256 మెట్లు. దానికి తోడు లైటుబాక్సు మెరుపు, మానిటర్ మీద తీస్తే వచ్చే అలల గీతలు, వాట్సాప్ కుదింపు. ఫొటోల కోసమే విడిగా పరీక్షించామని కంపెనీ కాగితం మీద చూపిస్తే వేరే మాట.

మెషీన్ నుంచి డైకామ్ (మెడికల్ బొమ్మల అసలు ఫైలు) నేరుగా పంపాలి. ఇక్కడ తప్పు జరిగే చోట్లు నాకు తెలిసినవి మూడు. ఒకటి, ఆ ఫైలులో బొమ్మ వివరం ఉండే 0028,0004 ట్యాగ్. మోనోక్రోమ్1 అని ఉంటే సున్నా తెలుపు, మోనోక్రోమ్2 అయితే సున్నా నలుపు. సాఫ్ట్‌వేర్ దీన్ని చదవకపోతే నెగటివ్ తిరగేసిన బొమ్మకు మార్కు వేస్తుంది. రెండు, 0018,5101లో పీఏనా ఏపీనా అన్నది ఉంటుంది, పైన అన్న చెప్పిన బటన్ తప్పు వచ్చి పడేది ఇక్కడే. మూడు, సర్వీస్ ఇంజనీరు వచ్చి ఛాతీ ప్రాసెసింగ్ సెట్టింగు మార్చడం. అంచులు పదునుగా కనిపించేలా పెంచితే డాక్టరుకు ముచ్చటగా ఉంటుంది, కానీ స్కోర్లు కదులుతాయి. ఇంజనీరు వచ్చి పోయిన రోజు పాత ఫిల్ములనే మళ్లీ పంపి లాభం లేదు, అవి పాత ప్రాసెసింగ్‌వి. ఫాంటమ్ (మనిషికి బదులు పెట్టే పరీక్ష దిమ్మ) ఫిల్ము ఒకటి ముందు, ఒకటి తర్వాత తీసి పక్కపక్కన చూసుకోండి. ఆ తర్వాతి వారం ఎన్ని ఫిల్ములకు మరక పడుతోందో లెక్కపెట్టండి. రోజుకు 12 పడేది 20 పడితే సంగతేందో చూడాలి.

నెట్ లెక్క కూడా వేసుకోండి. 3000 బై 3000 పిక్సెళ్ల ఫిల్ము, ఒక్కో పిక్సెల్‌కు 2 బైట్లు, కుదించకపోతే 18 మెగాబైట్లు. అప్‌లోడ్ సెకనుకు 10 మెగాబిట్లు ఉంటే 15 సెకన్లు పడుతుంది. డెమోలో చూపిన నిమిషం నిజమే. కరెంటు పోయి రూటర్ ఆగితే మాత్రం క్యూలో ఉండిపోయిన ఫిల్ములను మళ్లీ తనంతట తను పంపుతుందా, గప్‌చిప్‌గా వదిలేస్తుందా? కొనేముందు నెట్ కేబులు పీకి, 5 ఫిల్ములు తీసి, 10 నిమిషాలాగి మళ్లీ పెట్టి చూడండి. మరక లేని ఫిల్ముకూ అసలు ఏఐ చూడని ఫిల్ముకూ తెరమీద తేడా తెలియకపోతే ఆ సాఫ్ట్‌వేర్ వద్దు.

పేరు, ఫోన్ నంబరు తీసేసి పంపే ఏర్పాటు మీ కంప్యూటర్‌లోనే ఉండాలి, వాళ్ల సర్వర్‌లో కాదు. ఫిల్ము మీదే అచ్చయిన పేరు ట్యాగ్ తీసేస్తే పోదు, అది గుర్తుంచుకోండి. 2023 డేటా రక్షణ చట్టం కింద పేషెంటుకు జవాబు చెప్పాల్సింది మీరు.

నక్కలగుట్ట_డీఆర్:

అందరికి థ్యాంక్స్. కేబులు పీకి చూసుడు నా తలకు తట్టనే లేదు. గనులోళ్లు, క్వారీలోళ్ల సంగతి ఎవరన్న చెప్పున్రి. అది మాకు రోజు ఉండేదే.

దుమ్ముపాలు:

అసలు జాగ్రత్త పడాల్సింది అక్కడే. టీబీ కోసం నేర్పిన సాఫ్ట్‌వేర్‌కు సిలికోసిస్ (రాతి దుమ్ము పీల్చడంతో వచ్చే ఊపిరితిత్తి జబ్బు) ఫిల్ము ఇస్తే రెండు రకాల తప్పులు జరుగుతాయి, రెండూ ఎదురెదురు దిక్కుల్లో.

మొదటిది, ఉన్న దుమ్ము జబ్బును టీబీ అనడం. సిలికోసిస్ చుక్కలు ఎక్కువగా పై జోన్లలో వస్తాయి, టీబీ కూడా అక్కడే ఇష్టపడుతుంది. చుక్కలు కలిసి 10 మిల్లీమీటర్లు దాటిన గడ్డలైతే, రెండు వైపులా పైన తెల్లటి ముద్దలు కనిపిస్తాయి. స్కోరు 0.9 దాటినా ఆశ్చర్యపోకూడదు. పాతికేళ్లు రాయి కోసిన మనిషికి టీబీ మందులు మొదలుపెట్టేస్తే దుమ్ము జబ్బు పేరే కాగితం మీదికి రాదు. వృత్తి వ్యాధి పరిహారానికి ఆ పేరు కావాలి.

రెండోది, ఉన్నదాన్ని అసలు చూడకపోవడం. దీనికి కొంచెం లెక్క కావాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ వర్గీకరణలో గుండ్రటి చిన్న చుక్కలు మూడు రకాలు: పీ అంటే 1.5 మిల్లీమీటర్ల దాకా, క్యూ అంటే 1.5 నుంచి 3, ఆర్ అంటే 3 నుంచి 10. చాలా మోడళ్లు పూర్తి సైజు ఫిల్మును చూడవు, కుదించి చూస్తాయి. 43 సెంటీమీటర్ల పొడవున్న ఫిల్మును 512 పిక్సెళ్లకు కుదిస్తే ఒక్కో పిక్సెల్ 0.84 మిల్లీమీటర్లు. పీ రకం చుక్క రెండు పిక్సెళ్లు కూడా ఉండదు, రక్తనాళాల నీడలో కలిసిపోతుంది. 1024కు కుదిస్తే పిక్సెల్ 0.42, చుక్కకు మూడున్నర పిక్సెళ్లు. కాబట్టి కంపెనీ వాళ్లను అడగాల్సింది: మోడల్‌కు లోపలికి పోయే బొమ్మ సైజు ఎంత? న్యుమోకోనియోసిస్ (దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తి జబ్బుల ఉమ్మడి పేరు) అన్నది మీ జాబితాలో ఉందా? లేదంటే, గని మనిషి ఫిల్ముకు మరక రాలేదన్న మాటకు ఏ విలువా లేదు. 0/1, 1/0 అని చుక్కల దట్టాన్ని ప్రామాణిక ఫిల్ములతో పక్కపక్కన పెట్టి చదవడం ఇప్పటికీ శిక్షణ ఉన్న మనిషి పనే.

మరి ఏం చేయాలి? రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరే మూడు ప్రశ్నలు అడిగి రాయించండి. ఏం పని, ఎన్నేళ్లు? ముందు టీబీ మందులు వాడారా, ఏ ఏడాది? ఇప్పుడు దగ్గు ఎన్ని వారాలు? గని, క్వారీ, క్రషర్ అని వస్తే ఆ ఫిల్ము స్కోరు ఎంతున్నా నేరుగా రేడియాలజిస్టు జాబితాలో పైకి పోవాలి. దుమ్ము జబ్బు ఉన్నవాళ్లకు టీబీ వచ్చే ముప్పు మామూలు వాళ్లకన్నా ఎక్కువ, అందుకే రెండూ ఒకరికే ఉండొచ్చు. పాత ఫిల్ము అడగండి. ఆరు నెలల్లో ముద్ద ఆకారం మారిందా, కొత్తగా గుల్ల పడిందా అన్నది స్కోరు కన్నా ఎక్కువ చెబుతుంది. కఫం పరీక్ష ఎట్లాగూ చేయించాలి.

రెండో ప్రశ్న ఎందుకంటే, నయమైన టీబీ మచ్చకు కూడా సాఫ్ట్‌వేర్ ఎక్కువ మార్కే వేస్తుంది. సున్నం పట్టిన చుక్కలు, పైకి లాగిన హైలం (ఊపిరితిత్తిలోకి నాళాలు పోయే చోటు), ముడుచుకున్న పైకొస: అవి ఎప్పటివో దానికి తెలియదు. ఈ మధ్యే మందులు పూర్తయిన వాళ్లలో ట్రూనాట్, సీబీనాట్ కూడా చచ్చిన క్రిముల డీఎన్‌ఏను పట్టి పాజిటివ్ చూపించవచ్చు, అక్కడ కల్చర్ కావాలి.

ఎగువ_జోను:

చివరి ప్రశ్న మిగిలింది, సార్ చూడకముందు రిపోర్టు ఇవ్వొచ్చా అని. ఇవ్వొద్దు. 2020 మార్చి టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో, ఏఐ వేదికలు రోగికి సలహా ఇవ్వడానికీ మందులు రాయడానికీ వీల్లేదనీ, రిజిస్టర్డ్ డాక్టరుకు సాయం మాత్రమే చేయొచ్చనీ స్పష్టంగా ఉంది. వైద్య పరికరాల నిర్వచనంలోకి 2020 ఏప్రిల్ 1 నుంచి సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది. కాబట్టి లైసెన్సు నంబరు, ఏ వాడకానికి ఇచ్చారన్నది కాగితం మీద తీసుకోండి. టీబీ స్క్రీనింగుకు ఇచ్చిన దానితో పక్కటెముక విరిగిందా అని చూడకూడదు.

మీ బస్సు సమస్యకు ఏఐ నిజంగా పనికొచ్చే దారి ఉంది. రిపోర్టు రాయించకండి, వరుస మార్పించండి. 70 ఫిల్ముల్లో మరక పడ్డ 15-20 ఫిల్ములు పైకి వస్తే రేడియాలజిస్టు మధ్యాహ్నం అరగంటలో అవి చూడగలరు. న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) లాంటిది వస్తే ఫోన్ మోగాలి. మిగతావి సాయంత్రం చూస్తారు, చూడకుండా మాత్రం ఏదీ పోకూడదు. ఇంకో ఉపయోగం, జనం పెద్దగా చెప్పుకోనిది: పక్కటెముకలు చాలలేదు, పైకొస తెగింది అని ఫిల్ము నాణ్యత చెప్పే సాఫ్ట్‌వేర్ అయితే పేషెంటు గది దాటకముందే మళ్లీ తీయొచ్చు.

చదివే తీరు కూడా ముఖ్యం. 2023లో ప్రచురించిన ఒక పరీక్షలో 27 మంది రేడియాలజిస్టులకు మామోగ్రాములు ఇచ్చి, కొన్నిటికి కావాలనే తప్పు ఏఐ సూచన పెట్టారు. సూచన సరైనప్పుడు కొత్తవాళ్లు 80 శాతం దాకా సరిగ్గా చదివారు, సూచన తప్పైనప్పుడు 20 శాతానికి పడిపోయారు. అనుభవమున్న వాళ్లు కూడా 82 నుంచి 45 శాతం దగ్గరికి దిగారు. అందుకని మరకను మొదట దాచి, డాక్టరు తన మాట టైపు చేశాకే చూపించే సెట్టింగు పెట్టించుకోండి.

లైటుబాక్సు:

ఇంత లొల్లి ఎందుకు? మామోగ్రఫీకి కంప్యూటర్ సాయం అమెరికాలో 1998లోనే వచ్చింది. 2007లో రెండు లక్షలకు పైగా ఆడవాళ్ల లెక్కలు తీస్తే అనవసర బయాప్సీలు పెరిగాయి, క్యాన్సర్లు పట్టడం చెప్పుకోదగినంత పెరగలేదు. ఇదీ అంతే.

ఎగువ_జోను:

ఆ అధ్యయనం నిజమే, కానీ అది పాత తరం సాఫ్ట్‌వేర్. స్వీడన్‌లో 80 వేల మంది ఆడవాళ్లను రెండు గుంపులుగా చేసి చేసిన పరీక్ష మొదటి ఫలితాలు 2023లో వచ్చాయి. ఏఐ ఉన్న గుంపులో వెయ్యికి 6 క్యాన్సర్లు, లేని గుంపులో వెయ్యికి 5, చదివే పని 44 శాతం తగ్గింది. అక్కడ ప్రతి మామోగ్రామ్‌నూ ఇద్దరు చదివే పద్ధతి ఉంది, తగ్గింది ఆ రెండో చదువే. మన దగ్గర ఒక్కరు చదవడానికే దిక్కు లేదు, కాబట్టి ఆ 44ను ఇక్కడికి మోసుకురాలేం. మీ అనుమానం తప్పని అనను, దాన్ని మీ ఫిల్ముల మీదే తేల్చుకోవాలంటాను.

నక్కలగుట్ట_డీఆర్:

తేల్చుకోవాలంటే ఎన్ని ఫిల్ములు కావాలె? మా దగ్గర పాతవి రెండేండ్లవి ఉన్నయ్.

ఎగువ_జోను:

కఫం పరీక్షలో పాజిటివ్ అని కాగితం ఉన్నవి 50, పరీక్షలో నెగటివ్ వచ్చి ఆరు నెలల తర్వాత కూడా బాగున్నవి 150. ఏరి మంచివి పెట్టొద్దు, వరుసగా వచ్చినవి వచ్చినట్టు తీసుకోండి, జడలున్నవి కూడా. వాటిలో గని, క్వారీ మనుషులవి విడిగా గుర్తు పెట్టండి. కంపెనీకి ఏది పాజిటివో చెప్పకుండా 200 పంపి, స్కోర్లు ఎక్సెల్‌లోకి తెచ్చుకోండి. 0.3, 0.4, 0.5, 0.6 దగ్గర గీత గీసి, ఒక్కో చోట ఎన్ని తప్పిపోయాయి, ఎన్ని ఊరికే పడ్డాయి లెక్కపెట్టండి. 50లో 45 పట్టిందంటే 90 శాతం అనిపిస్తుంది కానీ, ఇంత చిన్న లెక్కలో అసలు విలువ 78 నుంచి 97 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. తప్పిపోయిన 5 ఫిల్ములనూ మీ సార్‌తో కలిసి తెరమీద ఒక్కొక్కటి చూడండి. గుండె వెనకవా, హైలం గడ్డలా, నీరు చేరినవా అన్నది తెలిస్తే ఏ ఫిల్ముల దగ్గర దాన్ని నమ్మకూడదో తెలుస్తుంది.

ట్యాగ్_0028:

ఆ 200 ఫిల్ములు, స్కోర్ల ఎక్సెల్ చెరపకండి. ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోండి: వెర్షన్ మార్చేముందు 15 రోజుల నోటీసు, అప్పటిదాకా పాత వెర్షన్ నడవాలి. నోటీసు వచ్చిన రోజు ఇవే 200 మళ్లీ నడిపి గీత మార్చుకోవాలి. క్లౌడ్‌లో రాత్రికి రాత్రి మార్చేస్తే మీ 0.62 పొద్దున్నకు ఇంకో అంకె అవుతుంది.

లెడ్‌మార్కర్:

ఆ 200ల జడలవి ఎన్ని ఉన్నయో గూడ లెక్కపెట్టి ఇక్కడ ఎయ్యున్రి.